అమాస తీసేసిన రోజు

మా ఆఫీసు ఇచ్చిన బడ్జెట్ షీటులో ‘లేబర్’ అనే వరుస డీజిల్‌కు కింద, గమ్ టేపుకు పైన ఉండేది. మొదటిరోజే అది నా కళ్ళల్లో పడ్డది, పడ్డాక మరి పోలేదు. డీజిల్ గురించి మా సారు రోజుకోసారి అడిగేవాడు. టేపు అయిపోతే ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. ఆ రెండింటి నడుమ ఉన్నవాళ్ళు తిన్నారా, పడుకున్నారా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత కొన్నేళ్ళకు నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ఈవెంట్ల కంపెనీలో పనిచేసేదాన్ని. వీడియో గేముల ప్రదర్శన ఒకటి తయారుచేసి జిల్లాలు తిప్పాలని మా సారుకు బుద్ధి పుట్టింది. ఒకప్పుడు బస్టాండ్ల దగ్గర రూపాయి బిళ్ళ వేసి ఆడిన నిలువెత్తు పెట్టెలు, టీవీకి తగిలించే క్యాసెట్ గేములు, ఇప్పుడు కళ్ళకు తగిలించుకునే హెడ్‌సెట్లు, అన్నీ వరుసగా పెట్టి వచ్చినవాళ్ళను ఆడనివ్వాలి. నల్లగొండలో మొదలుపెట్టి మహబూబ్‌నగర్, కోస్గి, షాద్‌నగర్, ఇట్లా లారీలో ఊరూరూ పోవాలి. ఏ ఊళ్ళో ఎన్నాళ్ళు, ఎప్పుడు దించాలి, ఎప్పుడు విప్పాలి, ఏ రోజుకు ఎంతమంది మనుషులు కావాలి, ఈ లెక్కంతా నాకు అప్పజెప్పారు. “నీది ఆ ఏరియానే కదమ్మా” అన్నాడు సారు. ఆ ఏరియాలో పుట్టడం నా అదృష్టమైనట్టు.

నేను మాత్రం ఆ పని ఇష్టంగానే చేశాను. ప్రతి ఊరికీ ముందుగా బస్సెక్కి పోయి హాలు చూసి వచ్చాను. తలుపు ఎంత వెడల్పు, మెట్లున్నాయా, కరెంటు ఏ పూట పోతది, బళ్ళల్లో పరీక్షలు ఎప్పుడు, కోస్గిలో వారానికోసారి జరిగే అంగడి ఏ రోజు, అన్నీ అడిగి రాసుకున్నాను. ఆ పాత పెట్టెల్లో పిక్చర్ ట్యూబు ఉంటది కాబట్టి బరువంతా ముందుకే వాలి ఉంటది. నలుగురు పట్టాలి, అందులో ఇద్దరు వెనక్కి నడవాలి. వెనక్కి నడిచేవాళ్ళను తొందర పెడితే ఏమవుతుందో చెప్పక్కరలేదు. అందుకని దించే రోజుకూ విప్పే రోజుకూ ఎక్కువ మందిని, ఆట నడిచే రోజులకు తక్కువ మందిని పెట్టి, మధ్యలో ఊపిరి పీల్చుకునే జాగా ఉంచి ప్లాన్ గీశాను.

మోసేవాళ్ళను నేనే కుదిర్చాను. కేతేపల్లి దిక్కు హమాలీల ముఠా. ముఠా పెద్ద యాభై దాటిన మనిషి, మార్కెట్ యార్డులో వడ్ల బస్తాలు మోసి మోసి మెడ కొంచెం పక్కకు ఒరిగి ఉండేది. నేను ఆయనను కాకా అనేదాన్ని. పెట్టెలను చూసి ఒకసారి చుట్టూ తిరిగి, చేత్తో తట్టి, “గీ ఆటసామాన్లకు గింత బరువా” అని నవ్వాడు. బేరం దగ్గర పెద్దగా గుంజులాట లేదు. ఒక్క షరతు పెట్టాడు.

“అమాస తీసేసి లెక్క చెప్పు బిడ్డా.”

నాకు ఇంకేమీ చెప్పే పని లేదు. మా బాపు సుతారి, ఇండ్లు కట్టేవాడు. మా దిక్కు సుతారులైనా హమాలీలైనా అమాసనాడు పనిముట్టు ముట్టరు. ముడితే దెబ్బ తగులుతదంటారు. బాపు అది నిజంగా నమ్మేవాడో కాదో నాకిప్పటికీ తెలియదు. వాన పడితే పని ఆగేది గానీ అది సెలవు కాదు. పని లేని రోజు బాపు గడప మీద కూర్చుని మబ్బును తిట్టేవాడు, సెలవు రోజు మా మొహాలు చూసేవాడు. అమాసనాడే ఆయనకు మా అవ్వతో, అంటే మా అమ్మతో, ముచ్చట పెట్టే తీరిక, నా నోటుపుస్తకం తిరగేసే తీరిక. ఒక అమాసనాడు నల్లగొండ బస్టాండు పక్కన రేకుల గదిలో ఉన్న వీడియో గేమ్ దుకాణానికి నన్ను తీసుకుపోయాడు. ఆడపిల్లకు ఇదెందుకని దుకాణపాయన నసిగితే, “నా బిడ్డ ఆడుతది, నువ్వు బిళ్ళ తీస్కో” అన్నాడు. తర్వాత తనూ ఒకసారి ఆడబోయాడు. సున్నానికి పగిలిన ఆయన వేలు ఒకటి నొక్కితే రెండు బటన్లు పడేవి. ఇద్దరం తెగ నవ్వుకున్నాం.

ఆ దెబ్బ మాట లేకపోతే ఏ గుత్తేదారూ నెలకొక్క రోజు కూడా వదిలేవాడు కాదని పెద్దయ్యాక అర్థమైంది. ఎవరూ ఇవ్వని సెలవును వాళ్ళు చంద్రుణ్ణి అడ్డం పెట్టి కాపాడుకున్నారు. అందుకే నా ప్లాన్‌లో మహబూబ్‌నగర్ ఆట ముగిసిన మర్నాడు పడ్డ అమాసను బూడిదరంగు గడిగా పెట్టి, సెలవు అని రాశాను. విప్పడం ఆ తర్వాతి రోజు.

సారు ఆ గడి మీద వేలు పెట్టాడు. “ఇదేంటమ్మా?”

“అమావాస్య సార్. ఆ రోజు ముఠా పని చెయ్యదు.”

ఆయన నవ్వాడు. “మనం తీసుకెళ్తున్నది వీడియో గేములమ్మా. జనానికి భవిష్యత్తు చూపిస్తున్నాం. ప్లాన్‌లో అమావాస్య అని రాస్తే డబ్బు పెట్టేవాళ్ళు నవ్వరూ?”

“నవ్వితే నవ్వనీయండి సార్. పెట్టెలు మోసేది వాళ్ళు కాదు కదా.”

“దీపావళి అమావాస్య అంటే అర్థం చేసుకుంటాను. ప్రతి నెలా ఏంటి? మూఢనమ్మకాలకు మనం బడ్జెట్ ఇవ్వాలా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆఫీసు ప్రతి ఆదివారం తాళం వేసుకునేది. రెండో శనివారం కూడా. “ఆదివారాన్ని ఏ ల్యాబులో కనిపెట్టారు సార్?” అని అడిగాను. “అది వేరు” అన్నాడు. ఎట్లా వేరో ఈ రోజు వరకు నాకు ఎవరూ చెప్పలేదు. వారానికో సెలవు తీసుకునేవాడు నాగరికుడట, నెలకో సెలవు అడిగేవాడు మూఢుడట. చూస్తాను అని ఫైలు మూసేశాడు.

ప్రదర్శన నల్లగొండలో మొదలైంది. జనం బాగా వచ్చారు. ఆట ముగిసి లారీకి ఎత్తుతుండగా సారు ఫోన్ చేసి, ముఠా పెద్దతో మాట్లాడాలన్నాడు. కాక చేతులు దుమ్ముగా ఉన్నాయని నేనే ఫోన్ స్పీకర్లో పెట్టి పట్టుకున్నాను.

“పెద్దాయనా, అమావాస్య సంగతి చూశాను” అన్నాడు సారు. “అమావాస్య తీసేశాను. సరేనా?”

కాక మొహం విప్పారింది. “గంతే సారూ. అమాస తీసేస్తే మాకేం ఫికర్ లేదు. మిగిలిన దినాలు మీరెట్ల చెప్తే గట్ల.”

“ఇంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు. చాలా థాంక్స్.”

“అయ్యో, ఒప్పుకున్నది మీరు గద సారూ.”

ఇద్దరూ సంతోషంగా పెట్టేశారు. నేనూ సంతోషపడ్డాను. సారు ఎంత మెత్తబడ్డాడో అనుకున్నాను. మా దిక్కు దినాల లెక్కలో తీసేసుడు అంటే ఆ రోజును పనిలోంచి పక్కకు పెట్టుడు. అమాస తీసేసి ఎన్ని రోజులైతది అని అడుగుతారు, అంటే ఆ రోజు పని లేదని. చిన్నప్పటి నుంచి నా చెవికి అలవాటైన అర్థం అదే. సారు తీసేసింది మాత్రం నా బూడిదరంగు గడిని. ఆయన లెక్కలో సెలవు పోయింది, పని వచ్చి కూర్చుంది. మార్చిన ప్లాన్ నాకు పంపనేలేదు. చిన్న మార్పే కదా, ఎందుకని పంపలేదట.

మహబూబ్‌నగర్‌లో ప్రదర్శన ఇంకా బాగా నడిచింది. బురఖాలో వచ్చిన ఒక పెద్దామె కారు రేసు దగ్గర కూర్చుని లేవనంటే లేవనన్నది. ఆఖరి రోజు ఆట కాగానే, కాక ముఠాను తీసుకుని సాయంత్రం బస్సుకు ఊరికి పోయాడు. ఎల్లుండి పొద్దుగాల్నే వస్తమని చెప్పి పోయాడు.

మర్నాడు పొద్దున హాలు యజమాని ఫోన్. “ఏంది మేడం, లారీ అచ్చి గేటుకు అడ్డం నిలవడ్డది. ఎత్తేటోళ్ళు ఒక్కలు కూడ లేరు.”

పరుగెత్తుకుంటూ పోయాను. లారీ నిజంగానే ఉంది. లోపల పెట్టెలన్నీ గోడ వెంట నిలబడి ఉన్నాయి. ఏమీ అర్థం కాక కాకకు ఫోన్ చేశాను.

“ఇయ్యాల అమాస గద బిడ్డా” అన్నాడు. “తీసేసిన అని సారే చెప్పిండు గద, నువ్వు గూడ ఇన్నవు.”

సారుకు చేశాను. “తీసేశాను అంటే సెలవు తీసేశానని!” అని అరిచాడు. “అంగడి రోజని కోస్గిలో ఒక రోజు ముందే, రేపే తెరుస్తామని చెప్పాను. వెంటనే అడ్డాకు వెళ్ళి ఎవరు దొరికితే వాళ్ళను తీసుకురా.”

పోయాను. మామూలు రోజుల్లో ఆ కూలీల అడ్డా మీద కాలు పెట్టే సందు ఉండదు. ఆ పొద్దు రెండు కుక్కలు, ఒక చాయ్ బండి ఉన్నాయి. చాయ్ బండాయన నన్ను వింతగా చూశాడు. “అమాసనాడు ఎవలస్తరు మేడం? నేనే ఇంట్ల పొద్దు పోక అచ్చిన.” కోపంలో కూడా నాకు నవ్వొచ్చింది. మా సారు గడి చెరిపేస్తే ఊరంతా వచ్చి పనిలో నిలబడుతుందనుకున్నాడు.

ముఠా అన్న మాట ప్రకారం మర్నాడు తొలి బస్సుకే దిగింది. జరిగింది విని కాక తల పట్టుకున్నాడు. అందరూ నీళ్ళు కూడా తాగకుండా పెట్టెలు ఎత్తారు. కోస్గిలో ప్రదర్శన సారు చెప్పిన తేదీకి ఒక రోజు ఆలస్యంగా తెరిచాం. జనం వచ్చే అంగడి రోజు చేజారిపోయింది.

సారు కారులో కోస్గికి వచ్చాడు. హాలు పక్క గదిలో నన్ను కూర్చోబెట్టి తన రిపోర్టు చూపించాడు. ఆలస్యానికి కారణం: లేబర్ గైర్హాజరు. దాని కింద ఇంకో వాక్యం, మిగతా ఊళ్ళకు సిటీ నుంచి వేరే ముఠాను తేవాలని. కాక కిటికీ అవతల లారీ నీడలో నిలబడి ఉన్నాడు. పిలిచి ఒక్క మాట అడిగే దూరమే. సారు పిలవలేదు.

“మాట తప్పారమ్మా. అలాంటివాళ్ళతో ఎలా నడుపుతాం?”

ఆ మాటకు నాకు ఆగలేదు. మార్కెట్ యార్డులో బస్తాకు ఇంతని నోటి మాట మీదే బతికిన మనిషిని పట్టుకుని మాట తప్పాడంటాడా? “సార్, ఆయన మాట తప్పలేదు. మీరన్న మాటే విన్నాడు. ఫోన్లో మీతోనే ఒప్పుకున్నాడు, అన్న రోజుకే వచ్చాడు. గైర్హాజరు అంటే రమ్మన్న రోజు రానివాడు. రావద్దని విన్నవాడు ఎట్లా గైర్హాజరైతడు?” అన్నాను. నా గొంతు హాలు దాకా వినిపించిందని తర్వాత చెప్పారు.

తీసేసుడు అంటే ఏమిటో విడమరిచి చెప్పాను. సారుకు అప్పుడు వెలిగింది. పడిపడి నవ్వాడు. అక్కడే ఎవరో స్నేహితుడికి ఫోన్ చేసి, జోకు విను అని మొత్తం కథ చెప్పాడు. రిపోర్టులో ఆ రెండు వాక్యాలను మాత్రం కదిలించలేదు. నా కోపం అంతా అక్కడే. అర్థం కాకపోతే ఎవరినైనా క్షమించవచ్చు. అర్థమై, నవ్వుకుని, ఆ తర్వాత కూడా మనుషుల నోట్లో మట్టి కొట్టడానికి సిద్ధపడటం ఏం మనిషితనం?

“ముఠా వద్దంటే నేనూ వద్దు సార్” అన్నాను. ఏ ఊళ్ళో ఏ హాలు తలుపు ఎంతో తెలిసింది నాకొక్కదానికే కాబట్టి ఆయన కాస్త తగ్గాడు.

“సరే, ఉంచుదాం. కానీ నెలకో ఖాళీ రోజు ఉందంటే పైవాళ్ళు అడుగుతారు. చూపించుకోదగ్గ కారణం ఏదైనా రాయి. అమావాస్య అని మాత్రం రాయొద్దు.”

బయటికొచ్చి కూర్చున్నాను. పెట్టెలు రిపేరు చేసే భాయ్ పక్కనే ఒక బోర్డు మీద దుమ్ము ఊదుతున్నాడు. మహబూబ్‌నగర్ మనిషి, టీవీలు బాగుచేసే దుకాణం మూతపడ్డాక మాతో చేరాడు. సంగతి చెప్తే తల కూడా ఎత్తలేదు.

“మనుషులకు ఇయ్యకుంటే ఇయ్యకపాయె, మిషిన్లకైతే ఆరాం ఇస్తరు గద” అన్నాడు. “దుమ్ము దులపాలె, చల్లారవెట్టాలె అని రాయుండ్రి. జర చూద్దాం ఏమంటరో.”

వెక్కిరింపుకే అన్నాడు. నేనూ వెక్కిరింపుగానే రాశాను. ఆ గడిలో ‘యంత్రాల విశ్రాంతి దినం’ అని కొట్టి పంపాను. చేతిలో చాయ్ చల్లారకముందే జవాబు వచ్చింది. ఓకే అట. ‘ప్లానింగ్ అంటే ఇదీ’ అని ఒక మెప్పు కూడా. యంత్రాలకు నెలనెలా ఎందుకని అడగలేదు. నవ్వుతారేమో అనలేదు. ఇది మూఢనమ్మకమా అని అనుమానం రాలేదు. కరెంటు తీగ పీకితే చాలు చల్లారే చెక్కపెట్టెకు చిటికెలో దొరికిన రోజు, దాన్ని వీపు మీద మోసేవాడికి దొరకడానికి ఇంత రభస. గెలిచినందుకు సంతోషపడాల్సింది పోయి, గ్లాసులో మిగిలిన చాయ్ నేల మీద పారబోశాను.

సాయంత్రం కొత్త ప్లాన్ హాలు గోడకు అంటించాను. కాక వచ్చి, అద్దాలు పెట్టుకుని, వేలుతో ఒక్కో గడి తడుముతూ చదివాడు.

“అమాస ఉన్నదా బిడ్డా?”

“ఉన్నది కాకా. ముఠా కూడా మీదే ఉంటది.”

“ఏడున్నది? గీడ మిషిన్లకు సెలవని రాసున్నది.”

చెప్పాను. సారు ఏమన్నాడో, భాయ్ ఏమన్నాడో, నేను ఏం రాశానో అన్నీ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“అంటే మేం ఇంటికి పోవచ్చు గద?”

“పోవచ్చు.”

“ఇగ గది చాలు తియ్” అన్నాడు గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. అద్దాలు తీసి అంగీకి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని ఆ గడినే చూశాడు. “ఊకెనే అడుగుతున్న బిడ్డా. కోపానికి రాకు. మనుషులకు సెలవని రాస్తే ఏమైతది? గట్ల రాయనియ్యరా?”

ఆ అడగడంలో దెప్పిపొడుపు లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఇంతసేపూ సారు మీద మండిన కోపం కంటే ఆ ప్రశ్న పెట్టిన మంట పెద్దది. అక్కడే కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ తెరిచాను. ‘యంత్రాల’ అన్న మాట కొట్టేసి ‘మనుషుల’ అని రాశాను. పక్కన గీత పెట్టి, అమావాస్య అని కూడా రాశాను. ఆఫీసుకు పంపేశాను.

ఫోన్ వెంటనే మోగింది. కాక నా పక్కనే నిలబడి ఉన్నాడు.

“ఏంటమ్మా ఇది? ఓకే చేసిన ప్లాన్ మళ్ళీ ఎందుకు మార్చావు?”

“తప్పు పడింది సార్. సరిచేశాను.”

“రోజు అదే, ఖర్చూ అదే. దానికోసం మళ్ళీ పంపడం ఎందుకు? యంత్రాలని రాసినా మనుషులని రాసినా రెండూ ఒకటే కదా!”

“రెండూ ఒకటే అయితే మనుషులనే ఉండనీయండి సార్.”

ఆయన ఫోన్ పెట్టేశాడు, ఆ గడిని మళ్ళీ మార్చలేదు. తర్వాతి అమాసకు మేం షాద్‌నగర్‌లో ఉన్నాం. ముందురోజు సాయంత్రమే ముఠా బస్సెక్కి ఊరికి పోయింది. పెట్టెలు దుమ్ముతోనే నిలబడి ఉన్నాయి, వాటిని దులపమని ఎవరూ ఫోన్ చెయ్యలేదు.